జాతియా, యుపాధియా? — సమాజశాస్త్రపాఠములలో "రేసు" విచారము

ఆంగ్లమున "రేస్" అను పదమునకు "జాతి" యని తెలుఁగునఁ జెప్పుట వాడుక. ఆ జాతిశబ్దమే మనుష్యజాతి, స్త్రీజాతి, ఆంధ్రజాతి, జాతిభేదము, జాతిరత్నము అను ప్రయోగములలో నొక్కొక్కచోట నొక్కొక్క యర్థమున నడచుచున్నది. ఒకచోటఁ బ్రాణివర్గము, ఒకచోట దేశీయులు, మఱియొకచోటఁ గులము, వేఱొకచోట శ్రేష్ఠత. విశ్వవిద్యాలయములలో సమాజశాస్త్రము నభ్యసించు విద్యార్థికి మొదటి సంవత్సరముననే "రేసు, అధికారము, అసమానత" యను ప్రకరణ మెదురగును. దానినిఁ దెలుఁగునఁ బోధింపఁబూనిన యుపాధ్యాయుఁడు మొదటి పదముకడనే చిక్కుపడును. ఏలయన, "రేసు నిజమైన జాతి కాదు" అని నిరూపించుటయే యా ప్రకరణముయొక్క ముఖ్యప్రయోజనము. "జాతి జాతి కాదు" అని చెప్పినచో విద్యార్థికి నవ్వు వచ్చును గాని జ్ఞానము రాదు.

ఈ చిక్కును విప్పఁదగిన సాధనమును భారతీయతార్కికు లేనాఁడో సిద్ధపఱచి యుంచిరి. వారి మతమున జాతి నిత్యము, ఒక్కటి, అనేకవ్యక్తులయందు సమవాయసంబంధముచే నుండునది. గోత్వ మట్టిది. పాచకత్వ మట్టిది కాదు. వంట చేయుటనుబట్టి యొకనిని బాచకుఁ డందురు. దీనిని వారు ఉపాధి యనిరి. ఏ ధర్మము జాతి కాఁజాలదో నిర్ణయించుటకు ఉదయనాచార్యుఁడు కిరణావళియం దాఱు బాధకములను జెప్పెను. అందు సంకర మొకటి. రెండు ధర్మములు ఒకదానిని విడిచి యొకటి యుండుటయు, మఱియొకచోట రెండును గలిసియుండుటయుఁ గనఁబడినచో నవి జాతులు కావు. భూతత్వమూర్తత్వములు దీనికిఁ బ్రసిద్ధోదాహరణములు: ఆకాశమున భూతత్వమే గలదు, మనస్సున మూర్తత్వమే గలదు, పృథివి మొదలగు నాలుగింట రెండును గలవు. నవీనులలోఁ గొందఱు సంకరమును బాధకముగా నంగీకరింపరు గాని, యా వాద మిచ్చట నక్కఱలేదు.

ఈ పరీక్షను మనుష్యుల రూపభేదములకుఁ బెట్టి చూచిన ఫలము స్పష్టమగును. ఆఫ్రికాలోఁ బెక్కుజనులకు నల్లనిచాయయు ముడుచుకొనిన వెండ్రుకలును గలవు. దక్షిణహిందూదేశమున నల్లనిచాయవారు పెక్కుఱున్నను వారి వెండ్రుకలు సామాన్యముగా నట్లు ముడుచుకొని యుండవు. దక్షిణాఫ్రికాలోని సాన్ జనులకు వెండ్రుకలు మిక్కిలి ముడుచుకొని యుండును. చాయ యంత నలుపు గాదు. చాయనుబట్టి విభజించిన నొక లెక్క, వెండ్రుకలనుబట్టి విభజించిన వేఱొక లెక్క, రక్తభేదములనుబట్టి విభజించిన నింకొక లెక్క వచ్చుచుండును. 1972లో రిచర్డు లెవంటిను అను జీవశాస్త్రజ్ఞుఁడు రక్తమునందలి భేదములను గణించి, మనుష్యులలోఁ గనఁబడు భేదమున నూటికి సుమారు 85 పాళ్లు ఒక్కొక్క జనసమూహము లోపలనే యున్నదనియు, రేసులని చెప్పఁబడు వర్గములనడుమ నుండునది 6 పాళ్లకుఁ గొంచెము మించు ననియుఁ జూపెను.

అయినను ఉపాధి యనఁగా మిథ్య యని యర్థము గాదు. పాచకత్వము జాతి కాకపోయినను పాచకుఁడు పొగలోఁ గూర్చుండుట నిజము, వానికిఁ జెల్లు జీతము నిజము. ఉపాధి నెవరు కల్పించిరి, ఎవరికిఁ దగిలించిరి, దానివలన నెవరికి లాభము గలిగెను అను ప్రశ్నలే సమాజశాస్త్రమునకు విషయములు. ఈ ప్రశ్నల నడుగుటకు విశ్వవిద్యాలయములకుఁ జాలకాలము పట్టెను. ఆ చరిత్రయే యిచ్చట ముఖ్యముగాఁ జెప్పఁదగినది.

పందొమ్మిదవశతాబ్ది పండితులు రేసును గోత్వమువంటిదానినిగానే తలంచి, తలలను ముక్కులను గొలిచిరి. ఈ కొలఁత తెలుఁగుదేశమునకు దూరమున జరిగినది కాదు. హర్బర్టు రిస్లీ 1891లోఁ బ్రకటించిన బంగాళదేశపు గ్రంథమున, ముక్కు వెడల్పు హెచ్చినకొలఁదిఁ గులముయొక్క గౌరవము తగ్గు నని సిద్ధాంతము చేసెను. చెన్నపురి ప్రభుత్వ మ్యూజియమునకు 1885 మొదలు 1908 వఱకు అధికారిగా నుండిన ఎడ్గారు థర్‌స్టను దక్షిణదేశపుఁ గులములవారిని గొలిచి, రంగాచారిగారి తోడ్పాటుతో 1909లో నేడు సంపుటముల గ్రంథమును బ్రకటించెను. అందుఁ గాపులు, కమ్మలు, మాలలు, మాదిగలు మొదలగు తెలుఁగువా రెల్లరు నున్నారు. ఆ గ్రంథమునందలి యాచారవర్ణనములు జాగ్రత్తతోఁ జదువువారికి నేఁటికిని బనికివచ్చును. ముక్కుల పట్టికలు మాత్రము చరిత్రవస్తువులుగా మిగిలినవి. బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రశాఖ 1919లోఁ బాట్రిక్ గెడ్డెస్ క్రింద నేర్పడెను. 1924 మొదలు దానికిఁ బెద్దయైన గోవింద సదాశివ ఘుర్యేగారు 1932లో, రిస్లీ లెక్కలనే మరలఁ బరిశీలించి, ఆ నియమ ముత్తరహిందూస్థానమునఁ గొంత పొసఁగునే గాని తక్కిన ప్రాంతములఁ బొసఁగ దని చూపిరి. అనఁగా నుదాహరణ మొకచోటఁ దీసికొని వ్యాప్తి నెల్లెడలకుఁ జెప్పుట రిస్లీ చేసిన దోషము.

అమెరికాలో నిదే వ్యాప్తిదోషమును ముందుగాఁ బట్టినవాఁడు విలియము ఎడ్వర్డు బర్గార్టు డుబాయిసు. ఈయన నల్లవాఁడు, 1868లో మసాచుసెట్సు రాష్ట్రమున జన్మించెను. ఫిస్క్ విశ్వవిద్యాలయమున, హార్వర్డున, బెర్లినునఁ జదివి, 1895లో హార్వర్డునందు డాక్టరుపట్టము నందెను. నల్లవారిలో నా విద్యాపీఠమున నా పట్టమునకు మొదటివాఁ డాయనయే. విల్బర్‌ఫోర్సు కళాశాలలోఁ గ్రీకు లాటిను భాషలను జెప్పుచు, సమాజశాస్త్రమును గూడఁ జెప్పెద నని కోరినను వా రంగీకరింపలేదు. 1896లోఁ బెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము ఫిలడెల్ఫియా నగరపు నల్లవారినిగూర్చి విచారించుటకు ఆయనను నియమించెను. ఉద్యోగనామము "సమాజశాస్త్రసహాయకుఁడు", జీత మేఁడాదికి 900 డాలర్లు. పాఠము చెప్ప నవకాశ మీయలేదు. హార్వర్డు డాక్టరునకు సహాయకపదవి నిచ్చిన యా విశ్వవిద్యాలయమే అధికారము, అసమానత యను రెండు మాటలకును జాలిన యుదాహరణము.

నగరమున నేడవవార్డున నల్లవారు 9,675 మంది యుండిరి. నగరపుఁ బాపమునకెల్ల నా వార్డే పుట్ట యని పెద్దల నమ్మిక. డుబాయిసు భార్యతోఁగూడ నా వార్డుననే కాఁపురముండి, ఇంచుమించు 2,500 కుటుంబముల యిండ్లకుఁ దానే పోయి, ఇంటివారిని, అద్దెను, పనిని, జీతమును, చదువును, పుట్టినయూరిని అడిగి వ్రాసికొనెను. ఒకరు వ్రాసి తెచ్చిన కాగితముపై నాధారపడలేదు. 1899లో "ఫిలడెల్ఫియా నీగ్రో" యను గ్రంథము వెలువడెను. అందుఁ దేలిన దేమి? నల్లవారని యొకటే పేరు పెట్టఁబడినవారిలో సుఖజీవులు, కష్టించి బ్రదుకువారు, నిఱుపేదలు, నేరములు చేయువారు అని నాలుగు తరగతు లున్నారు. కడపటివారినిఁ జూచి యెల్లవారిని నిర్ణయించుట తప్పు. మఱియు, పని నేర్చిన వడ్రంగి, అచ్చుపని నేర్చినవాఁడు, చదివిన యువతి — వీరికిఁ బని యెందుకు దొరకలేదో ఒక్కొక్కరి కథ నాయన తెలుపును. చేతఁ గాక కాదు; యజమాని యొల్లఁడు, లేదా తక్కిన పనివారు పక్కనఁ గూర్చుండ నొల్లరు. పేదఱికమునకు రక్తము కారణ మనువారికి, ద్వారము మూయఁబడుట కారణ మని పట్టికలతో బదులు చెప్పెను.

ఈ గ్రంథమున లోపములు లేకపోలేదు. తక్కువతరగతివారి నడవడినిగూర్చి వ్రాయునపుడు గ్రంథకర్తలోని ధర్మోపదేశకుఁడు శాస్త్రజ్ఞుని మించును. కాని యిల్లిల్లు దిరిగి ప్రజలస్థితిని లెక్కించు పద్ధతిని అమెరికాలో నొక విశ్వవిద్యాలయము పేర నింత విస్తారముగా నంతకుముందు నడపినవారు మిక్కిలి యరుదు.

పిమ్మట డుబాయిసు 1897లో నట్లాంటా విశ్వవిద్యాలయమునఁ జేరి పదుమూఁ డేఁడులు పనిచేసెను. ఏఁటేఁట నొక విషయమును దీసికొని — ఒకయేఁడు పట్టభద్రులు, ఒకయేఁడు చేతిపనివారు, ఒకయేఁడు దేవాలయము, ఒకయేఁ డారోగ్యము — పదియేండ్లకొకసారి మొదటికి వచ్చుచు నూఱేండ్లు పరిశోధన నడపవలయు నని యాయన సంకల్పము. ధనము చాలదు, శిష్యులే తోడు. 1900లోఁ బారిసు ప్రదర్శనమునకు వారు చేతితో గీచి రంగులు వేసి పంపిన పటములు నేఁటికిని జూచువారి నాశ్చర్యపఱచును.

సత్యమును లెక్కలతోఁ జూపినచో జనులు మాఱుదు రని యాయన నమ్మెను. 1899 ఏప్రిలులో జార్జియా రాష్ట్రమున సామ్ హోస్ అను నల్లవానిని జనసమూహము చిత్రవధచేసి కాల్చెను. డుబాయిసు సావధానముగా నొక లేఖ వ్రాసికొని, పత్రికాకార్యాలయమునకుఁ బోవుచుండఁగా, చచ్చినవాని వ్రేళ్లకణుపులు దారిలో నొక కొట్టున నమ్మకమునకుఁ బెట్టిరని వినెను. వెనుదిరిగి యింటికిఁ బోయెను. జనులు చంపఁబడుచుండఁగా శాస్త్రజ్ఞుఁడు నిశ్చలుఁడై యుండఁజాలఁ డని తనకుఁ దోఁచినట్లు 1940 నాఁటి యాత్మకథలో నాయన చెప్పెను. తరువాత 1906లో నలబామా రాష్ట్రపు లౌన్డెసు మండలమున భూమి, కౌలు, అప్పు, చట్టము వీనినిగూర్చి ప్రభుత్వకార్మికశాఖకొఱకు విస్తారమైన విచారణ చేయఁగా, ఆ శాఖవారు దానిని బ్రకటింపక పోవుటయే కాక వ్రాఁతప్రతిని నాశముచేసిరి. తాళపత్రములు చెదలపాలగుట చూచి విలపించు గ్రంథపరిశోధకులకు ఈ నష్ట మెట్టిదో వేఱుగాఁ జెప్ప నక్కఱలేదు. చెదలకు మాత్రము చదివి కాల్చు తెలివి లేదు.

1910లో నాయన బోధనమును విడిచి నల్లవారి హక్కులసంఘమునఁ బత్రికాసంపాదకుఁ డయ్యెను. 1934లో మరల నట్లాంటాకు వచ్చి, 1935లో "బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్" అను మహాచరిత్రమును బ్రకటించి, 1963లో ఘానాదేశమున మృతినొందెను.

ఇంతలోఁ జికాగో విశ్వవిద్యాలయము సమాజశాస్త్రమునకుఁ గేంద్రమయ్యెను. రాబర్టు పార్కు, ఎర్నెస్టు బర్జెస్ కూర్చిన 1921 నాఁటి పాఠ్యగ్రంథము చాలకాలము విద్యార్థులకుఁ గరదీపికగా నుండెను. రెండు రేసులు కలిసినపుడు స్పర్ధ, కలహము, సర్దుబాటు, ఏకీభావము అను నాలుగవస్థలు వరుసగాఁ గలుగు నని పార్కు బోధించెను. ఋతువులు మాఱినట్లు మాఱు నన్నమాట. ఇందు నెవనిచేత నధికారమున్నదో, సర్దుబాటు ఎవఁడు చేసికొనవలయునో తెలియదు. కర్త లేని క్రియవలె నున్నది. డుబాయిసు గ్రంథములయందుఁ గర్త యున్నాఁడు. అట్లుండియు రెండు తరముల విద్యార్థులకుఁ బార్కు పేరు తెలిసెను, డుబాయిసు పేరు సమాజశాస్త్రజ్ఞుఁడుగాఁ దెలియలేదు. ఆల్డను మారిస్ 2015లోఁ బ్రకటించిన గ్రంథమున నీ విస్మృతి యాదృచ్ఛికము గాదని వాదించెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము 2012లో, అనఁగా మరణించిన నలువదితొమ్మిదేండ్లకు, డుబాయిసునకు గౌరవాచార్యపదవి నొసఁగెను.

కొలఁతవాదము నాలోపలనుండియే కదల్చినవాఁడు ఫ్రాంజ్ బోయాస్. వలసవచ్చినవారిని వారి బిడ్డలను ఇంచుమించు 18,000 మందిని గొలిచి, అమెరికాలోఁ బుట్టిన బిడ్డల తలల యాకారము తల్లిదండ్రుల తలలనుండి భేదించుచున్న దని 1911 ప్రాంతమునఁ జూపెను. ఆ భేద మెంతటి దని తరువాతివారు వాదించుకొనిరి గాని, "తల మాఱదు" అనుమాట మాత్రము నిలువలేదు.

పిమ్మటి వాదము హిందూదేశమును నేరుగాఁ దాఁకును. లాయిడ్ వార్నర్ 1936లో, అమెరికా దక్షిణరాష్ట్రములలోని తెల్లనల్లభేదము కులభేదమే యని వ్రాసెను. ఇరువురికి వివాహము లేదు, ఒకరు మఱియొకరి స్థానమునకుఁ బోలేరు, కనుక నడుమ నున్నది "కులరేఖ". ఆయన ప్రేరణమున ఆలిసన్ డేవిస్ దంపతులు నల్లవారును, గార్డ్‌నర్ దంపతులు తెల్లవారును మిసిసిపీలోని నాచెజ్ పట్టణమునఁ గాఁపురముండి చేసిన పరిశోధన 1941లో గ్రంథమయ్యెను. సహపరిశోధకులయ్యును వా రా పట్టణమున బహిరంగముగాఁ గలిసికొనుటకు వీలులేకపోయెను. ఇంతకంటె వార్నర్ మతమునకు నిదర్శన మేమి కావలయును?

దీనిని ట్రినిడాడున జన్మించిన ఆలివర్ కాక్స్ 1948లో "కులము, వర్గము, రేసు" అను గ్రంథమున ఖండించెను. కులమునకుఁ బ్రాచీనమతము మూలము, అందున్నవా రా నియమమును సమ్మతింతురు. రేసు పదునైదవశతాబ్ది చివరనుండి పెరిగిన ధనస్వామ్యమునకుఁ బుట్టిన బిడ్డ, దాస్యమునకుఁ గూలికిఁ జేతులు కావలసి కల్పింపఁబడినది, దానికి లోఁబడినవా రెన్నఁడును సమ్మతింప లేదు — ఇది యాయన వాదము. రెండవభాగము బలమైనది. మొదటిభాగము దుర్బలము. కులమునకుఁ గ్రిందివారు సమ్మతించి యుండి రని కాక్స్ పుస్తకములనుండి గ్రహించెను. ఆ పుస్తకములు పైవారు వ్రాసినవి. 1917లో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను సభచేసి "పంచములము గాము, ఆదిఆంధ్రులము" అని పేరు మార్చుకొనినవా రేమి సమ్మతించిరి? 1927లో మహద్ చెఱువునీరు ముట్టినవా రేమి సమ్మతించిరి? జాషువాగారి గబ్బిలము 1941లో వెలువడినది. అందలి నాయకుఁడు సమ్మతించినవాఁడు గాఁడని తెలుఁగుఁ బండితుల కొకరు చెప్ప నక్కఱలేదు.

అంబేద్కరుగా రీ రెండు చిక్కులను దప్పించుకొనిరి. 1916లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునఁ జదివిన వ్యాసముననే కులమునకు స్వకులవివాహము మూలమని చూపిరి. 1948 నాఁటి గ్రంథమున ముక్కుకొలఁతల లెక్కలనే యుపయోగించి యస్పృశ్యులు వేఱు రేసు గారని నిరూపించిరి. అట్లయ్యును, 1946లో డుబాయిసునకు లేఖ వ్రాసి, అస్పృశ్యుల స్థితికి నమెరికా నల్లవారి స్థితికిఁ గల పోలికను దెలిపి, నల్లవా రైక్యరాజ్యసమితికిఁ బంపఁదలఁచిన విన్నపపుఁ బ్రతి యడిగిరి. డుబాయి సాదరముగా బదులు వ్రాసెను. అనఁగా రెండింటి మూలము వేఱు. అధికారము పనిచేయు తీరున సామ్యము గలదు. వార్నర్ కాక్సుల వాదమున నీ వివేక మందలేదు.

ఉపాధి నెవరు తగిలింతు రనుటకుఁ బాఠములలోఁ జెప్పఁబడు నుదాహరణములలో నొకటి హిందూదేశీయునిదే. 1922 నవంబరులో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము జపానీయుఁడైన ఒజావా వ్యాజ్యమున, "తెల్లవాఁడు" అనఁగాఁ "గకేసియను" అని చెప్పి పౌరత్వమును నిరాకరించెను. మూఁడునెలలకు, 1923 ఫిబ్రవరిలో, పంజాబీయుఁడైన భగత్‌సింగ్ థిండ్ "శాస్త్రజ్ఞులు నన్నుఁ గకేసియను నందురు గదా" యని రాఁగా, శాస్త్రజ్ఞుల మాట కాదు, సామాన్యుఁడు తెల్లవాఁడని యెవని నెఱుఁగునో వాఁడే తెల్లవాఁ డని యా న్యాయమూర్తియే తీర్పు వ్రాసెను. హేతువు మాఱెను, సాధ్యము మాత్రము మాఱలేదు. 1920, 1930, 1940 జనసంఖ్యలలో "హిందూ" అనునది యొక రేసు. 1970లో హిందూదేశమువారు "తెల్లవారు". 1980లో "ఏషియన్ ఇండియన్లు". 1965 చట్టముపిమ్మట వెళ్లిన తెలుఁగువైద్యుఁడు ఒకే యింట నుండి, ఒకే చర్మముతో, పదియేండ్లలో రెండు రేసుల నెత్తెను. గోవున కిట్టి యవస్థ యెన్నఁడును గలుగలేదు.

ఈ పేరు మాఱుట వినోదమే యైనచో నింత విచార మక్కఱలేదు. 1933లో నేర్పడిన గృహఋణసంస్థ రెండువందలకు మించిన పట్టణముల పటములను వ్రాయించి, నమ్మఁదగిన పేటలకుఁ బచ్చయు, నమ్మరాని వానికి నెఱ్ఱయు రంగు వేయించెను. నల్లవా రున్న పేటలు దాదాపుగా నెఱ్ఱనివే. 1934లో నేర్పడిన గృహనిర్మాణశాఖయు నట్లే తూఁచి, అట్టి పేటల యిండ్లకుఁ బూచీ నొల్లకుండెను. ఇల్లు కొనలేనివాఁడు బిడ్డలకు నిల్లు విడువలేఁడు. 1968లో నీ భేదము చట్టముచే నిషేధింపఁబడినను, ముప్పదియేండ్లు కూడిన యాస్తి, కూడని యాస్తి యట్లే నిలిచెను. నేఁటి పాఠములలో నసమానతకు జీతముకంటె నాస్తినే ముఖ్యలక్షణముగాఁ జెప్పుట కిది కారణము.

ఈ పాఠ మెల్లరకును రుచించుట లేదు. ఫ్లారిడా రాష్ట్రమున 2024 జనవరిలో, విద్యార్థులు సామాన్యవిద్యకై యెన్నుకొనఁదగిన మూలపాఠముల పట్టికనుండి ప్రారంభసమాజశాస్త్రమును దొలఁగించిరి. పాఠము నిషేధింపఁబడలేదు, కోరినవారు చదువవచ్చును. కాని యితరశాస్త్రములను జదువువారు దారిలో దీనిని దాఁటిపోవు నవకాశము తగ్గెను. పాఠము పక్షపాతదుష్టమైన దని తొలఁగించినవారి మాట. లెక్కలు పక్షపాతము కా వని బోధించువారి మాట. కొన్ని తరగతులలో ముందే నిర్ణయించిన సిద్ధాంతమునకు లెక్కలను వెదకుట కలదేమో. అట్టిచోట డుబాయిసు పట్టికలను జదివించుటయే మందు గాని పుస్తకము మూయుట మందు గాదు.

ఇఁక దెలుఁగుమాట. "ఉపాధి" శాస్త్రరీత్యా సరియే యైనను నేఁటి వాడుకలో దానికి జీవనోపాయ మని యర్థము స్థిరపడినది. "వర్ణోపాధి" యని సమాసము చేసిన బాలురు రంగులపని యనుకొందురు. "వర్ణము" చాతుర్వర్ణ్యమును దెచ్చి పైఁబెట్టును. అయినను దక్షిణాఫ్రికా విషయమున "వర్ణవివక్ష" పత్రికలలో నెన్నాళ్లనుండియో స్థిరపడినది గనుక దాని నట్లే యుంచవచ్చును. "రేసు" అనిన గుఱ్ఱపుఁబందెము స్ఫురించునను నాక్షేపము గలదు. ప్రకరణమునుబట్టి సైంధవశబ్దార్థమును గ్రహించు పాఠకులకు నది యొక యడ్డు గాదు. కావునఁ బాఠ్యగ్రంథములలో రేసును రేసనియుఁ, గులమును గులమనియుఁ, వర్గమును వర్గమనియు వేఱువేఱుగా వ్రాసి, జాతిశబ్దమును దార్కికులకును దేశాభిమానులకును విడుచుట మేలు. కాక్స్ గ్రంథనామమును దెలుఁగు చేయువానికి నింతకంటె వేఱు దారి లేదు.